బస్సులో మారిన డీపీ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

హాస్టల్లో నీ గదిలో ఉండే అమ్మాయి గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీకే విసుగొచ్చింది. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యాన్ని నువ్వు ఎంత తేలిగ్గా వదిలేశావో చూశాక కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను.

“గుంటూరులో బస్సెక్కితే నరసరావుపేట దాటేలోపు తను వాట్సాప్ డీపీ మార్చేస్తుంది” అని రాశావు. అంతే, ఇంకేమీ లేదు. ఏ ఫొటో తీసేస్తుంది, ఏది పెడుతుంది? పక్క సీట్లో వాళ్లకి కనపడకుండా ఫోన్ వంచుకుంటుందా? హాస్టల్‌కి తిరిగొచ్చేటప్పుడు పాత ఫొటో ఎక్కడ మళ్లీ ఎక్కుతుంది? అవేవీ చెప్పకుండా తర్వాతి వాక్యంలోనే ‘అస్తిత్వ సంక్షోభం’లోకి దూకావు. అక్కణ్ణుంచి నాలుగు పేజీలు ‘ఆత్మన్యూనత’, ‘డిజిటల్ తరం’, ‘ప్రదర్శనా సంస్కృతి’. నీ పక్క మంచం మీద పడుకునే పిల్ల ఆ మాటల కింద ఎక్కడో ఉండిపోయింది.

సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ పేరు పేజీకోసారి రాశావు. ఆయన స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో ఒక చిన్న హోటల్లో ఏం చేశాడో తెలుసా? చూస్తూ కూర్చున్నాడు. వంటింట్లో ఒకలా ఉన్న మనుషులు, తలుపు తోసుకుని భోజనాల గదిలోకి రాగానే మొహం, నడక, మాట ఎలా మార్చుకుంటారో గమనించాడు. సిద్ధాంతం ఆ తర్వాత వచ్చింది. నీకు ఆయన పేరు అక్కర్లేదు, ఆయన ఓపిక కావాలి. నీ దగ్గర హోటల్ తలుపు బదులు వినుకొండ బస్సు ఉంది.

నువ్వు అక్కడక్కడా విసిరేసిన వివరాలు నేను ఏరుకుని చూశాను. వాట్సాప్ స్టేటస్‌లో శుక్రవారం అమ్మవారి ఫొటో. అది ఊళ్లో పెద్దమ్మలకీ, బాబాయిలకీ. ఇన్‌స్టాలో క్యాంటీన్ నవ్వులు, ఫెస్ట్‌లో వేసిన డాన్సు. అది కాలేజీకి. రెండో ఖాతా ఒకటి, అసలు పేరు లేకుండా, తాళం వేసి ఉంచుకుంది. బ్యాక్‌లాగ్ వచ్చిన రోజు ఏడుపు అక్కడ పెట్టింది. ఫైనలియర్ కాబట్టి ఇప్పుడు లింక్డిన్‌లో బ్లేజర్ వేసుకున్న ఫొటో, పక్కన చేసిన ప్రాజెక్టులు, నేర్చుకున్న కోర్సులు. ఇన్‌స్టా బయోలో హైదరాబాద్ అని ఉంది, తనది పల్నాడులో పల్లెటూరు. ఇంటిపేరు ఒక చోట ఉంది, మూడు చోట్ల లేదు. మన దగ్గర ఇంటిపేరు దాచడం అంటే ఏం దాచడమో నీకు నేను చెప్పాలా? వ్యాసమంతా ఇక్కడే ఉందమ్మా. ఒక్కో పోస్టు దగ్గర ఆగి, ఇది ఎవరు చూడాలని పెట్టింది, ఎవరి కంట పడకూడదని దాచింది అని అడుగు. పెట్టినవాటికంటే పెట్టి తీసేసినవి ఎక్కువ చెప్తాయి.

ఇదంతా నటన అని తేల్చేశావు. నేను ఒప్పుకోను. నా కుర్రతనంలో పత్రికల్లో ‘కలం స్నేహం’ శీర్షికలు వచ్చేవి. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా. నేను అభిరుచి కింద చదరంగం అని రాశాను. మా ఊళ్లో ఎవరింట్లోనూ చదరంగం బల్ల లేదు. చదరంగం ఆడే కుర్రాడు ఎలాంటివాడై ఉంటాడని నేను ఊహించుకున్నానో, అలాంటివాడిని కావాలనిపించింది. అది చదివి బందరు నుంచి ఒకతను ఉత్తరం రాశాడు, ఉత్తరాల్లోనే ఎత్తులు వేశాం, ఆట వచ్చేసింది. 1960, 70 దశకాల్లో నవలా రంగం రచయిత్రులదై ఉన్నప్పుడు ఎందరో మగవాళ్లు ఆడవాళ్ల పేర్లతో రాశారు. కావాలనుకున్న మనిషిని ముందు నలుగురికీ చూపించి, తర్వాత మెల్లగా అలా తయారవడం ఫోన్‌తో మొదలైన పని కాదు. ఆ బ్లేజర్ అమ్మాయి అబద్ధమని నువ్వెలా అంటావు? ఇంకా పూర్తవలేదు, అంతే.

చివరి పేరా కొట్టెయ్. ఆమె ఇన్‌స్టా డిలీట్ చేసి, వేపచెట్టు కింద పుస్తకం తెరిచిందని రాశావు. జరిగిందా? జరిగి ఉంటే ఏ పుస్తకమో రాసేదానివి. ఏ సంపాదకుడి కోసం పెట్టావో నాకు తెలుసు. వెనకటికి ఒక వారపత్రికకి కథ పంపితే, చివర్లో ఆ పిల్ల చేత తప్పు తెలుసుకుని ఏడిపించమని కబురొచ్చింది. నేను ఏడిపించలేదు. కథ అచ్చు కాలేదు, తిరిగి రానూ లేదు, నా దగ్గర నకలు లేదు. ఆ పత్రిక సంపాదకుడు పోయి చాలాకాలమైంది. ఆ కోపం మాత్రం నాకింకా పోలేదు. ఇప్పటికీ కుర్రవాళ్ల గురించి ఏం రాసినా చివర బుద్ధి చెప్పించందే ఈ సంపాదకులకి నిద్రపట్టదు.

ఇంకో సంగతి, ఇది సలహా కాదు, చెయ్యాల్సిందే. తాళం వేసిన ఖాతాలోవి రెండు స్క్రీన్‌షాట్లు జతచేశావు. తీసెయ్. పేరు చెరిపేస్తే సరిపోదు, ఆ కిటికీ, ఆ దుప్పటి చూస్తే మీ హాస్టల్లో అందరికీ తెలిసిపోతుంది. నిన్ను నమ్మి చూడనిచ్చిన ఫొటోలవి. వ్యాసం మొత్తం ముందు తనకి చదివి వినిపించు. వద్దన్న చోట ఆపు.

తనని ఇంకొకటి అడుగు. 2020లో పదో తరగతి అన్నావు కదా, పరీక్షలు రద్దయిన బ్యాచ్. ఆ జూన్ 29నే టిక్‌టాక్‌ని నిషేధించారు. తనకి అందులో ఖాతా ఉండేదా? ఉంటే, పల్నాడులో పొలం గట్టు మీద వీడియోలు తీసుకున్న ఆ పదిహేనేళ్ల పిల్ల ఎక్కడికి పోయింది? రీల్స్‌కి వచ్చాక యాస మార్చుకుందా?

కలంపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. ముందు ఇది సరిచెయ్. ఈసారి సెలవులకి తను ఊరెళ్లేటప్పుడు, రమ్మంటే నువ్వూ ఆ బస్సెక్కు. వాళ్లమ్మ ఫోన్లో కూతురు ఎలా కనపడుతుందో చూడు. ఆవిడకి ఇన్‌స్టా ఉందో లేదో కూడా నువ్వు రాయలేదు. సంక్రాంతి లోపు పంపితే నేనే చదివి, ఎవరికి ఇవ్వాలో చెప్తాను.

నీ శ్రేయోభిలాషి