‘కరువే’లో ఆ ఏకారం ముందు తీసెయ్యి

ప్రశ్న: సార్, మాది నారాయణపేట దగ్గర పల్లె. సోషియాలజీలో పీహెచ్‌డీకి చేరాను. ‘పాలమూరు వలసలకు కరువే కారణం’ అని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసిస్తే గైడ్ రెండుసార్లు వెనక్కిచ్చారు. ‘ఇది హైపాథసిస్ (పరీక్షించి చూడగల ఊహ) కాదమ్మా, నినాదం’ అన్నారు. మా నాన్న పుణెలో కంకర మోసిన మనిషి. కళ్లారా చూసిందే రాశాను. ఇందులో తప్పేముంది?

జవాబు: తప్పు కరువులో లేదు బిడ్డా, ‘కరువే’ అన్నావు చూడు, ఆ ఏకారంలో ఉంది. ఆ ఒక్క అక్షరంతో అప్పు, పెండ్లిళ్లు, అడ్వాన్సిచ్చి కూలీల గుంపును పనికి తీసుకుపోయే మేస్త్రీ, కూలి రేటు, భూమి లేకపోవడం అన్నిటినీ వెతకకముందే వాకిట్లోంచి పంపేశావు.

నేనూ ఇదే పని చేసి దెబ్బతిన్నవాణ్ణే. ఎంఫిల్ రోజుల్లో కోస్గి వైపు ఒక ఊళ్లో ప్రశ్నావళి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ‘కరువు వల్లనే పోతున్నారా?’ అని అడిగేవాణ్ణి. ‘అవును సారూ’ అనేవాళ్లు. చదువుకున్నోడు అంత దూరం నుంచి వచ్చి అట్లా అడిగితే కాదని ఎవరంటారు? మూడు అధ్యాయాలు రాసేశాక, కందులు చెరుగుతున్న ఒక ముసలమ్మ చేట ఆపకుండానే అంది: ‘వానలు మంచిగ పడ్డ ఏడు గూడ పోయినం గద సారూ. మేస్త్రీ పైసలు తింటిమి, పోకుంటె ఊకుంటడా?’

మేస్త్రీని వారం రోజులు బతిమాలితే చిట్టా పుస్తకం చూపించాడు. పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, మూలల్లో నూనె మరకలు. ఒక్కో జంటకు ఒక్కో పేజీ. తేదీ, ఇచ్చిన పైకం, పక్కన ‘బిడ్డ పెండ్లి’, ‘దవాఖాన’, ‘బాయి పూడిక’ అని చిన్న అక్షరాలు, కింద వేలిముద్ర. నా చూపు తేదీల దగ్గర ఆగిపోయింది. సగానికి పైగా జూన్, జులైలవే. మృగశిర, ఆరుద్ర కార్తెలు. విత్తనం పడీ పడని రోజులు. పంట పండుతుందో ఎండుతుందో ఇంకా తేలనే లేదు. ఆ ఏటి కరువు ఆ అడ్వాన్సుకు ఎట్లా కారణమవుతుంది? రాసిన మూడు అధ్యాయాలూ అటక ఎక్కాయి.

అలాగని చంకలు గుద్దుకోవడానికీ లేదు. ఆ అప్పు అంతకు ముందేటి కరువు తెచ్చిందేమో! అప్పుడు కరువు పూర్తిగా తప్పుకోలేదు, వెనక వరుసలో నిలబడింది. పైగా పుస్తకం మేస్త్రీది. అడ్వాన్సు ముట్టకుండా సొంతంగా బస్సెక్కినవాళ్లు అందులో కనిపించరు. ఒక గుంపు చిట్టాతో పాలమూరంతటికీ తీర్పు చెప్పబోతే మళ్లీ ఆ ఏకారమే.

నీ మాటను ఇట్లా మార్చి చూడు: ‘వాన మామూలుగా పడ్డ ఏళ్లలో కూడా, మేస్త్రీకి బాకీ ఉన్న కుటుంబాలు బాకీ లేనివాటికంటే ఎక్కువగా వలస పోతాయి.’ బాకీ ఉన్నా లేకున్నా ఒకే తీరుగా పోతున్నట్టు తేలితే నువ్వు ఓడినట్టు. ఎక్కడ ఓడిపోతావో సినాప్సిస్‌లోనే రాసిపెట్టు. మీ గైడ్ అడుగుతున్నది అదే అనుకుంటాను. ఊళ్లు కూడా రెండు తీసుకో, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందేది ఒకటి, అందనిది ఒకటి. భూమి లేనివాడికి కాలువ ఇంటి పక్కనుంచి పారినా ఒకటే కాబట్టి, రైతుల్నీ కూలీలనూ ఒకే కుప్పలో పోయకు.

ఇక ఆధారాలు. జనాభా లెక్కలు చూస్తానంటావు, చూడు. కానీ 2011లో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ రోజుల్లో మన గుంపులు ఎక్కడుంటాయో నీకు నేను చెప్పాలా? జిల్లా అంకెలతో మరీ జాగ్రత్త. 2016 అక్టోబరు 11న పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, ముక్కలైంది, మీ నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. పాత మహబూబ్‌నగర్, కొత్త మహబూబ్‌నగర్ పేరుకే ఒకటి. మండలం వాన లెక్క తెచ్చుకో. సర్కారు బడి హాజరు పట్టీలో దసరా సెలవుల తర్వాత వరసగా రాని పిల్లల్ని చూడు. వలస కోసం రాసింది కాదు గనక, ఆ పట్టీకి నిన్ను మెప్పించే అవసరం ఉండదు.

చిట్టా పుస్తకం దొరికితే పేజీలు ఫోన్లో ఫొటోలు తీయకు; పేర్లు వదిలేసి తేదీలు, పైకాలు రాసుకో. మీ నాన్ననూ అడుగు. ‘ఎందుకు పోయినవు?’ అనొద్దు. మొదటిసారి పోయిన ఏడు ఇంట్లో ఏం జరిగింది, పైసలు ఎవరిచ్చారు, ఏ నెలలో, అని అడుగు. తర్వాత మీ అమ్మను విడిగా అడుగు. మా ముసలమ్మ ఆ మాట అన్నది మగవాళ్లంతా కల్లు దుకాణానికి పోయిన పూటే.