చౌక భూమి సంగతి తర్వాత, పిటిషన్‌లో పని చోటు ఏదని రాశారో ముందు చూడండి

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చాం. మావారు హెచ్‌-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నేను హెచ్‌-4, పని చేసే అనుమతి లేదు. బాబుకు నాలుగేళ్లు. చిన్న అపార్ట్‌మెంట్‌కే నెలకు 2,700 డాలర్లు అద్దె. ఊళ్లో నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మావారిది పూర్తిగా ఇంటి నుంచే పని కాబట్టి, తక్కువ ఖర్చుతో బతకగలిగే పల్లెటూరు కోసం వెతికాం. ఆర్కన్సాలో జాస్పర్ అనే ఊరి దగ్గర 12 ఎకరాలు, అందులో పాత ఇల్లు, మొత్తం 66,000 డాలర్లకు యజమానే వాయిదాల మీద ఇస్తానన్నారు. అడ్వాన్సుగా 6,000 డాలర్లు జెల్ అనే బ్యాంకు యాప్‌లో పంపాం. ఒక పేజీ కాగితం మీద సంతకాలు చేసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాం. నెలకు 650 చొప్పున పదేళ్లు కట్టాలి. మావారు మూడు వారాలుగా అక్కడే ఉండి పనిచేస్తున్నారు. కంపెనీకి చెప్పలేదు, చెబితే ఉద్యోగం పోతుందని భయం. ఎడిసన్‌లో స్నేహితుడి అడ్రసు ఉంచేస్తే చాలని, భూమి మాత్రం సిటిజన్ అయిన మా పెదనాన్న కొడుకు పేరున పెట్టుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. మేకలు పెంచి, కూరగాయలు పండించి సంతలో అమ్మి నేనూ నాలుగు డబ్బులు సంపాదించాలని ఆశ. మేం చేసింది సరైనదేనా? ఇంతకంటే మంచి రాష్ట్రం ఉందా?
– ఓ సోదరి, ఎడిసన్

జవాబు: చూడమ్మా, మీ ఉత్తరంలో అద్దె, అప్పు, నిద్రలేమి అన్నీ ఉన్నాయి. వాటిలో ఏదీ మీ కేసును తేల్చదు. ఏ రాష్ట్రం చౌక అన్నదీ తేల్చదు. తేల్చేది మీరు మధ్యలో ఒక్క ముక్కగా రాసి దాటేసిన సంగతి: మూడు వారాలుగా మీవారు అక్కడి నుంచే పనిచేస్తున్నారు, కంపెనీకి తెలియదు.

హెచ్‌-1బి అంటే అమెరికాలో ఎక్కడైనా పని చేసుకోమని ఇచ్చిన అనుమతి కాదు. ఫలానా కంపెనీకి, ఫలానా ఉద్యోగానికి, ఫలానా చోట అని ఇచ్చింది. ఆ చోటు, కంపెనీ కార్మిక శాఖ దగ్గర తీసుకుని పిటిషన్‌కు (మీవారి కోసం ఇమిగ్రేషన్ శాఖకు వేసే దరఖాస్తుకు) జతచేసే ఎల్‌సీఏ అనే కాగితంలో ఉంటుంది. ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి ఎంత జీతం ఇవ్వాలో లెక్క కట్టేది దాని మీదే. ఇంటి నుంచి పనిచేసినా ఇల్లే పని చోటు. కొత్త చోటు అదే మెట్రో ప్రాంతం (పెద్ద నగరం, దానితో కలిపి లెక్కించే చుట్టుపక్కల కౌంటీలు) బయట ఉంటే, అక్కడ పని మొదలుపెట్టకముందే కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని సవరించిన పిటిషన్ వేయాలి. సిమియో సొల్యూషన్స్ అనే కంపెనీ హెచ్‌-1బి కేసులో 2015 ఏప్రిల్ 9న ఈ సంగతి తేల్చేశారు. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో అదే మాటను చేర్చారు. జాస్పర్ ఉన్న న్యూటన్ కౌంటీ ఏ మెట్రో ప్రాంతంలోనూ లేదు, ఎడిసన్ ప్రాంతంలో ఉండే ప్రశ్నే లేదు. కాబట్టి మీవారి విషయంలో సవరణ తప్పనిసరి.

కంపెనీయే ఉద్యోగిని కొన్నాళ్లు వేరే చోటికి పంపితే సవరణ లేకుండా ఏడాదికి 30 పని దినాల వరకు, కొన్ని షరతులతో 60 పని దినాల వరకు వెసులుబాటు ఉంది. మూడు వారాలే కదా, ఇందులో సర్దుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది కంపెనీ పంపినప్పుడు, బస, ప్రయాణ ఖర్చులు కంపెనీయే భరించినప్పుడు వర్తించేది. చెప్పకుండా వెళ్లిపోయి, ఇల్లు మార్చేసినవారికి కాదు. అయినా రోజులు తక్కువగా ఉండటం మీకు మేలే. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు చివరి దరఖాస్తు వేసే దశలో, చివరిసారి అమెరికాలో అడుగుపెట్టిన తర్వాత మొత్తం 180 రోజులకు మించని స్టేటస్ ఉల్లంఘనను (అంటే వీసా షరతులు తప్పడాన్ని) మన్నించే నిబంధన చట్టంలో ఉంది. మీ లెక్క ఇప్పుడు మూడు వారాల దగ్గరుంది. దాన్ని అక్కడే ఆపాలి. ఈ వారం గడవకుండా మీవారు ఎడిసన్ వచ్చి అక్కడి నుంచే పని చేయాలి.

ఇప్పుడు స్నేహితుడి అడ్రసు సంగతి. ఈ ఒక్క పనీ చేయొద్దు. చెప్పకపోవడం పొరపాటు కింద ఉండొచ్చు. లేని చోట ఉన్నామని రాసి సంతకం పెడితే అది అబద్ధం. ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయాన్ని తెలిసి తప్పుగా చెబితే వీసాలకూ గ్రీన్‌కార్డుకూ జీవితాంతం అనర్హత వచ్చే సెక్షన్ ఉంది. మూడు వారాల ఉల్లంఘనకు మందు ఉంది, దీనికి దాదాపు లేదు. దొరకదనుకోవడం కూడా భ్రమే. అధికారులు పని చోటుకు తనిఖీకి వస్తారు, ఇల్లే పని చోటు అయితే ఇంటికే రావచ్చు. తనిఖీకి ఒప్పుకోకపోతే పిటిషన్ తిరస్కరించే, రద్దు చేసే అధికారం కూడా వాళ్లకు ఉంది. వీసా పొడిగింపు వేసేటప్పుడు జీతం స్లిప్పులు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) అడుగుతారు. ఏ రాష్ట్రానికి పన్ను కోశారో వాటిలో ఉంటుంది. ఆర్కన్సాలో కరెంటు బిల్లు, న్యూజెర్సీలో పన్ను, కంపెనీ లాప్‌టాప్ లాగిన్ అయిన చోటు, ఈ మూడూ పక్కపక్కన పెడితే మీ కథ నిలబడదు.

ఇంకొక్క నష్టం కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన, కొత్త హెచ్‌-1బి పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ఆదేశం, అమెరికాలో ఉన్నవారికి వేసే సవరణ పిటిషన్లకు వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ (యుఎస్‌సీఐఎస్) వివరణ ఇచ్చింది. కానీ స్టేటస్ నిలుపుకోలేదన్న కారణంతో సవరణకు అర్హత లేదని తేలిస్తే వర్తిస్తుందని కూడా చెప్పింది. మీ భర్త కోసం ఏ కంపెనీ అయినా ఆ డబ్బు కడుతుందా అని మీరే ఆలోచించండి.

ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్‌-11 ఫారంతో కొత్త అడ్రసు తెలియజేయాలని చట్టం. మీరు, మీవారు, బాబు, ముగ్గురికీ విడివిడిగా వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో నిమిషాల పని, రుసుము లేదు. నిజంగా ఎవరి నివాసం ఎప్పుడు మారిందో, ఆ తేదీలతో మీ లాయరును అడిగి వేయండి. మీ ఉత్తరంలో ఈ మాటే లేదు. 66,000 డాలర్ల లావాదేవీకి దిగేముందు ఎవరో ఒకరిని అడగాలని అనిపించలేదా తల్లీ?

ఇక భూమి. అక్కడ కూడా మీరు చూసింది ధర ఒక్కటే. హెచ్‌-1బి మీద ఉన్నవారు యజమానుల వాయిదాల దగ్గరికి ఎందుకు వెళ్తారో నాకు తెలుసు. ఎఫ్‌హెచ్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ హామీతో ఇచ్చే గృహరుణం 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివారికి ఆపేశారు. పల్లె ప్రాంతాల్లో ఇళ్లకు అమెరికా వ్యవసాయ శాఖ (యుఎస్‌డీఏ) ఇచ్చే రుణమూ మీకు రాదు. మామూలు బ్యాంకు రుణం మాత్రం రావచ్చు, అది అడగకుండానే మీరు ఈ కాగితం మీద సంతకం పెట్టారు.

ఈ కాగితాన్ని అక్కడ కాంట్రాక్ట్ ఫర్ డీడ్ అంటారు. చివరి వాయిదా కట్టేదాకా భూమి అమ్మినవాడి పేరునే ఉంటుంది. ఈ పదేళ్లలో అతను దాన్ని తాకట్టు పెట్టవచ్చు, అతని అప్పులవాళ్లు జప్తుకు రావచ్చు, పన్ను కట్టక భూమి రాష్ట్రానికి పోవచ్చు. ఒక వాయిదా తప్పితే అప్పటిదాకా కట్టిందంతా అద్దె కింద జమ వేసుకుని ఖాళీ చేయించే షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. మీ విషయంలో ఇది ఇంకా ప్రమాదం. మీవారి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు. ఆ రెండు నెలల్లో వాయిదా కట్టలేకపోతే వీసాతో పాటు భూమీ పోతుంది. అందుకే రెండూ ఒకే కేసు అంటున్నాను.

మీ కాగితంలో భూమి వివరణ ఎలా ఉంది? జాస్పర్ దగ్గర 12 ఎకరాలు అని రాసి ఉంటే అది చాలదు. మన దగ్గర సర్వే నంబరు, నాలుగు హద్దులు లేని అగ్రిమెంటు ఎంత బలహీనమో, అక్కడ సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అనే సర్వే వివరాలు లేని కాగితం అంతే బలహీనం. భూమి అమ్మకం ఒప్పందం రాతపూర్వకంగా ఉండి, ఏ భూమో పోల్చుకునేలా ఉండాలి. లేకపోతే కోర్టులో అమలు చేయించుకోవడం కష్టం. ఆర్కన్సాలో రాతపూర్వక ఒప్పందం మీద దావాకు గడువు 5 ఏళ్లు, నోటి ఒప్పందానికి 3 ఏళ్లు. మీ కాగితం చెల్లదని తేలితే మీరు చిన్న గడువులో పడతారు. కాబట్టి జెల్ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, యజమానితో నడిచిన మెసేజ్‌లు, ప్రకటన స్క్రీన్‌షాట్, ఆ కాగితం అసలు ప్రతి, అన్నిటినీ ఇవాళే రెండు చోట్ల దాచండి. ఫొటో ఉందిలే అని ఊరుకోకండి. ఫోన్లు పోతాయి.

ఆ తర్వాత ఒక్క డాలరు కూడా పంపకుండా, అక్కడి లాయరుతో గానీ టైటిల్ కంపెనీతో గానీ టైటిల్ సెర్చ్ చేయించండి. మనం ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఇదీ. అమ్మేవాడు నిజంగా యజమానేనా, తాకట్టు ఉందా, పన్ను బకాయి ఉందా, ఖనిజ హక్కులు ఎప్పుడో విడిగా అమ్మేశారా, రోడ్డు నుంచి భూమిలోకి రాసిచ్చిన దారి ఉందా అని చూడాలి. ఆ కొండ ప్రాంతంలో పక్కవాడి భూమి మీదుగా ఇన్నాళ్లూ తిరిగిన దారిని, కొత్త పక్కవాడు వచ్చి గేటు పెట్టి మూసేయగలడు. బావి నీళ్లు, సెప్టిక్ ట్యాంకు అనుమతి, ఇంటర్నెట్ కూడా కనుక్కోండి. మీవారి జీతం ఆ ఇంటర్నెట్ మీదే ఆధారపడి ఉంది. అన్నీ సరిగా ఉంటే యజమానితో పూర్తి వివరణతో కొత్త కాంట్రాక్టు రాయించుకుని, కౌంటీ సర్క్యూట్ క్లర్క్ దగ్గర రికార్డు చేయించండి. డబ్బు ఎస్క్రో (ఇద్దరికీ మధ్యవర్తిగా ఉండే ఖాతా) ద్వారానే వెళ్లాలి. క్విట్‌క్లెయిమ్ డీడ్ ఇస్తాననే మాటకు ఒప్పుకోకండి. తనకు ఏమైనా హక్కు ఉంటే అది వదులుకుంటున్నానని మాత్రమే అందులో ఉంటుంది, హక్కు ఉందని హామీ ఉండదు. యజమాని ఇవేవీ కుదరవంటే లాయరు ద్వారా అడ్వాన్సు వాపసు నోటీసు పంపండి.

పెదనాన్న కొడుకు పేరున పెట్టడం దేనికి? ఆర్కన్సా 2023లో కొన్ని దేశాలవారు వ్యవసాయ భూమి కొనకుండా చట్టం చేసింది, భారత్ ఆ జాబితాలో లేదు. మీ పేరునే కొనుక్కోవచ్చు. అతని పేరున పెడితే అతని విడాకులు, అతని అప్పులు, అతని వారసులు మీ భూమి మీదికి వస్తారు. ఒక్క నియమం మాత్రం గుర్తుంచుకోండి. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు సాగుకో, పశువులకో, కలపకో వాడే భూమి కొంటే 90 రోజుల్లో యుఎస్‌డీఏకు ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంతో తెలపాలి. చెప్పకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. మొత్తం 10 ఎకరాలకు మించకుండా, పంట అమ్మకం ఏడాదికి 1,000 డాలర్లు దాటకుండా ఉంటే ఈ బాధ్యత లేదు. మీరు కొంటున్నది 12 ఎకరాలు. ఆ రెండెకరాలు వదిలేసి పదెకరాలే అమ్మమని యజమానిని అడగడం మీకు సులువైన దారి.

మేకలు, కూరగాయలు ఇంటికి పెంచుకోండి. పని అనుమతి లేకుండా అమ్మి సంపాదిస్తే అది అనధికార ఉద్యోగం కిందికి వస్తుంది. ఆ కోరిక అనుమతి వచ్చేదాకా పక్కన పెట్టాలి.

పల్లెకు వెళ్లాలన్న మీ ఆలోచన తప్పు కాదు, వెళ్లిన వరస తప్పు. మీవారు ముందు సొంతంగా ఒక ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. కంపెనీ లాయరు కంపెనీ మనిషి. ఆ సలహా తీసుకున్నాక కంపెనీకి నిజం చెప్పి, న్యూటన్ కౌంటీకి సవరణ పిటిషన్ వేయమని ఈమెయిల్‌లో అడగాలి. పిటిషన్ అందిన రోజు నుంచే అక్కడ పని చేయవచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. దాని ఖర్చు కంపెనీదే. అయితే ఒప్పుకోవాలన్న బలవంతం కంపెనీ మీద లేదు. ఆర్కన్సాలో పన్నుల నమోదు వాళ్లకూ అదనపు భారం. ఎడిసన్ ఉద్యోగం పేరుతో గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తుంటే, చోటు మారితే అది ఏమవుతుందో కూడా మీ లాయరును అప్పుడే అడగండి.

కంపెనీ కాదంటే రెండు దారులున్నాయి. న్యూజెర్సీలోనే సస్సెక్స్, హంటర్‌డన్ కౌంటీల్లో పొలాలు, అడవులు ఉన్న పల్లెలున్నాయి. అవి ఎడిసన్ ఉన్న మెట్రో ప్రాంతంలోవే కాబట్టి సవరణ పిటిషన్ అక్కర్లేదు, మారేముందు ఎల్‌సీఏ నోటీసు కొత్త చోట పెడితే చాలు. ఆర్కన్సా అంత చౌక కాదు, ఎడిసన్ అంత భారమూ కాదు. ఆర్కన్సానే కావాలంటే, వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్ వైపు మీవారు ఉద్యోగం చూసుకోవాలి. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ మెట్రో ప్రాంతంలో మాడిసన్ కౌంటీ కూడా కలిసి ఉంది. అవే ఓజార్క్ కొండలు, అదే పల్లె. కొత్త కంపెనీ పిటిషన్ వేసిన రోజు నుంచే ఉద్యోగంలో చేరవచ్చు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎల్‌సీఏ, ఐ-797 (పిటిషన్ ఆమోద పత్రం), చివరి ఆరు జీతం స్లిప్పులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), మీవారు ఆర్కన్సాలో పనిచేసిన రోజుల జాబితా తీసుకెళ్లండి. ఆ జాబితాలో ఒక్క రోజు కూడా దాచొద్దు.