ముందు తెర చూసుకో, మిగతావి తర్వాత

చి. అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

గేమ్ కన్సోల్ కొనాలా, కొత్త స్మార్ట్ టీవీ కొనాలా, రెండిట్లో ఒకటి చెప్పమన్నావు. ఆ రెంటికీ పోటీ పెట్టడం దగ్గరే తిరకాసు ఉంది. నింటెండో స్విచ్ లాంటివి పక్కన పెడితే కన్సోల్‌కి సొంత తెర ఉండదు. ఏ టీవీకి తగిలిస్తే ఆ టీవీ చూపించగలిగినంతే బొమ్మ. అందుకని ముందు ఇంట్లో క్రమం తప్పకుండా గేమ్స్ ఆడేవాళ్లు ఉన్నారా అన్నది తేల్చుకో. చుట్టాలొచ్చినప్పుడు ఒక గంట సరదాగా ఆడటాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఆడేవాళ్లు లేకపోతే కన్సోల్ మాట మర్చిపో. ఒకప్పుడు సినిమాల కోసం దాన్ని కొనడంలోనూ అర్థం ఉండేది. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో డీవీడీలు, 2006 నాటి ప్లేస్టేషన్ 3లో బ్లూ-రేలు చూసుకునేవాళ్లు. ఇప్పుడు సినిమా యాప్‌లు టీవీలోనే ఉంటున్నాయి. వాటి కోసం కన్సోల్ ఆన్ చేస్తే కరెంటు దండగ. అదే సినిమాకి ప్లేస్టేషన్ 5 పదుల వాట్లు లాగుతుంది, టీవీ వెనక గుచ్చుకునే, సినిమా యాప్‌లుండే చిన్న స్టిక్ కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుంది. పైగా మీ నానమ్మ చేతికి కంట్రోలర్ ఇచ్చి సీరియల్ పెట్టుకోమంటావా?

డిస్కుల పిచ్చి ఉంటే మాత్రం వేరే సంగతి. నెట్‌ఫ్లిక్స్ 4కె బొమ్మకి, అంటే మామూలు హెచ్‌డీ కన్నా స్పష్టమైన బొమ్మకి, 15 ఎంబీపీఎస్ వేగమున్న నెట్ ఉంటే చాలంటుంది. 4కె బ్లూ-రే డిస్కులో ఆ వేగం 100 కూడా దాటగలదు. చీకటి సీన్లలో, పొగ కమ్ముకున్న సీన్లలో ఆ తేడా కంటికే తెలుస్తుంది. డిస్క్ డ్రైవ్ ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 ఈ డిస్కుల్ని చూపిస్తాయి. సిరీస్ ఎస్‌కి, స్విచ్‌కి సినిమా డిస్కు పెట్టే చోటే లేదు.

ఇక టీవీ. అందులో ముందుగా ముసలిదయ్యేది 'స్మార్ట్' అన్న భాగమే. తెర ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది, లోపలి చిప్ మాత్రం నాలుగైదేళ్లకే నత్తనడక పడుతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత టీవీల్లో పనిచేయడం మానేసింది. అలా జరిగిందని మంచి టీవీని మార్చేయకు, ఒక స్టిక్ గుచ్చుకుంటే పోతుంది. అందుకే యాప్‌ల జాబితా చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బు తెర మీద పెట్టు. ఇంకో మాట. మనం ఏం చూస్తున్నామో టీవీలు గమనిస్తాయి. అనుమతి అడక్కుండా ఆ వివరాలు పోగుచేసినందుకు 2017లో అమెరికాలో విజియో అనే టీవీల కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. టీవీ బిగించిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది ఆపేయ్.

గేమ్స్ ఆడతారనుకుంటే టీవీ కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. కన్సోల్ కేబుల్‌ని టీవీకి తగిలించే పోర్టు పేరు హెచ్‌డీఎంఐ. డబ్బా మీద హెచ్‌డీఎంఐ 2.1 అని కనబడగానే సంబరపడకు. ఆ పేరు కింద వచ్చే సదుపాయాలన్నీ ఉండి తీరాలనే రూలేం లేదు. 4కెలో 120 హెర్ట్జ్ (సెకనుకి 120 బొమ్మలు) వస్తుందా, వీఆర్ఆర్ (గేమ్ వేగానికి తగ్గట్టు తెర వేగం మార్చుకోవడం) ఉందా, ఏఎల్ఎల్ఎం (గేమ్ మోడ్ దానంతటదే పడటం) ఉందా అని విడివిడిగా అడుగు. 'మోషన్ రేట్ 120' అని రాసి లోపల 60 హెర్ట్జ్ తెర పెట్టే టీవీలున్నాయి. చాలా టీవీల్లో నాలుగు పోర్టులుంటే ఒకటో రెండో మాత్రమే 120 ఇస్తాయి. వాటిలో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే అయి కూర్చుంటుంది!

గేమ్ మోడ్ సంగతి చాలామందికి తెలియదు. బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది, గేమ్ మోడ్ ఆ మెరుగులు తగ్గించి ఆలస్యం తగ్గిస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ (తెర మీద పడే ఒక బొమ్మ) అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ వేయకపోతే కొన్ని టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా పోతుంది, అంటే బటన్ నొక్కాక ఆరు ఫ్రేములు వెనక. పిల్లలు ఓడిపోయి కన్సోల్‌ని తిడతారు గానీ తప్పు టీవీ సెట్టింగ్‌ది. ఏఎల్ఎల్ఎం ఉంటే ఆ మోడ్ దానంతటదే పడుతుంది.

ఇప్పుడున్న టీవీ 4కె కాకుండా 1080పీ (మామూలు హెచ్‌డీ)దైనా బొమ్మ బాగుంటే, పిల్లలు ఆడతామని గోల పెడుతుంటే, ముందు కన్సోలే తీసుకో. హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు టీవీకి కూడా అది నిక్షేపంగా పనిచేస్తుంది, టీవీ తర్వాత మార్చుకోవచ్చు. సిరీస్ ఎస్ అనుకుంటే స్టోరేజ్ చూసుకో. మొదటి మోడల్‌లో 512 జీబీయే, ఒక్కో పెద్ద గేమే 100 జీబీ దాటుతోంది. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే చాలా గేమ్స్‌కి చందా కూడా కట్టాలి, ఉచితంగా దొరికే గేమ్స్‌కి సాధారణంగా అక్కర్లేదు.

నీ టీవీ వెనక పోర్టుల దగ్గర ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపు. మోడల్ నంబరు కూడా కనబడాలి. అది చూశాక ఏది ముందు కొనాలో చెప్తాను.

ఇట్లు,
పెదనాన్న