24 వేల ఫిల్టర్, లక్షా ఇరవై వేల భయం

ప్రశ్న: మాది గాజువాక. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. చేతికి నెలకు 62,000 వస్తుంది, ఇంటి ఖర్చులన్నీ కలిపి 45,000 అవుతాయి. 2016లో కొన్న డీజిల్ కారు ఉంది. ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఆఫీసుకీ, రెండు నెలలకోసారి మా ఊరు పాలకొండకీ కలిపి నెలకు 1,500 కిలోమీటర్లు పడుతుంది. మొన్న వానల్లో డ్యాష్‌బోర్డు మీద డీజిల్‌లో నీళ్లున్నాయని చూపించే లైట్ వెలిగి, రెండు రోజులకు ఆరిపోయింది. అప్పట్నుంచి పొద్దున్నే స్టార్టింగ్ లేటవుతోంది. ఆటోనగర్‌లో మెకానిక్ చూసి, మామూలు ఫిల్టర్ చాలదు, పెద్ద వాటర్ సెపరేటర్, ఇంకా సన్నగా వడకట్టే ఫిల్టర్ ఉన్న సెట్టు అదనంగా వేయించమన్నాడు. లేబర్‌తో కలిపి 24,000. అందులో ఎలిమెంట్, అంటే లోపల వడకట్టే భాగం, మార్చినప్పుడల్లా 2,600. వేయించకపోతే డీజిల్ తోసే పంపు, దాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లు పోయి 1,20,000 అవుతుందంటున్నాడు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ ఉంది, వడ్డీ 16 శాతం, ప్రాసెసింగ్ ఫీజు 299. సేవింగ్స్‌లో 1,60,000 ఉంది. బంగారం మీద 10.5 శాతానికి 90,000 లోన్ ఉంది. కారు ఇంకో మూడేళ్లు వాడి మార్చేద్దామని ఆలోచన. షోరూమ్‌లో అడిగితే కంపెనీ ఫిల్టర్ లేబర్‌తో 1,900 అన్నారు. మా ఆవిడ ఈ ఖర్చే వద్దంటోంది. కార్డు మీద తీసుకోనా, సేవింగ్స్‌లోంచి తీయనా?

జవాబు: ముందు ఆ లైట్ సంగతి చూద్దాం. మీ డబ్బు లెక్క అంతా దాని మీదే ఉంది.

డీజిల్‌లో నీళ్లున్నాయని లైట్ వెలిగిందంటే, మీ బండి ఫిల్టర్‌లో నీళ్లను విడదీసే ఏర్పాటూ ఉంది, నీళ్లు నిండితే చెప్పే సెన్సారూ ఉంది. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి ఫిల్టర్ అడుగున చేరతాయి. ఒక మట్టం దాటగానే సెన్సార్ లైట్ వెలిగిస్తుంది. అప్పుడు కింద ఉన్న స్క్రూ వదులు చేసి ఆ నీళ్లు వదిలేయాలి. మీరు వదిలించినట్టు రాయలేదు. రెండు రోజులకు లైట్ దానంతటదే ఆరిపోయింది, మీరూ మర్చిపోయారు. అంటే మెకానిక్ 24,000కి అమ్ముతున్న వస్తువు చిన్న సైజులో మీ బండిలో ఇప్పటికే ఉంది. దాన్ని మనం పట్టించుకోలేదు, అంతే.

ఇంకొకటి. జీతం, వడ్డీ, కిలోమీటర్లు, ప్రాసెసింగ్ ఫీజుతో సహా అన్నీ రాశారు. ఆఖరిసారి ఫిల్టర్ ఎప్పుడు మార్పించారో రాయలేదు. ఇంత వివరంగా రాసిన మనిషి ఆ ఒక్కటీ వదిలేశారంటే గుర్తులేదనే అనుకుంటాను. కోప్పడటానికి చెప్పడం లేదు, నేనూ ఆ బాపతే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక వైజాగ్‌లో బంకుల దగ్గర ఎంతెంత క్యూలు ఉండేవో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ వారంలో నేను తెలిసినవాళ్ల ద్వారా ఒక క్యాన్ డీజిల్ సంపాదించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు ట్యాంకులో పోసుకున్నాను. రెండో రోజు కంచరపాలెం దగ్గర బండి దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. షెడ్డు కుర్రాడు ఫిల్టర్ కింద ఖాళీ నీళ్ల సీసా పెట్టి స్క్రూ తిప్పాడు. సీసా ఎండలో పెట్టి చూస్తే పైన లేత పసుపు డీజిల్, కింద రెండు వేళ్ల మందాన నీళ్లు, వాటిలో తుప్పు నలకలు. మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. ‘ఫిల్టర్ పాడైపోయిందా?’ అన్నాను. ‘పాడవలేదు సార్, దాని పని అది చేసింది’ అన్నాడు. ఆ రోజు ఫిల్టర్ మార్చినందుకే డబ్బు తీసుకున్నాడు, ఇంజెక్టర్ల జోలికి పోలేదు.

అలాగని మీ మెకానిక్ భయం ఉత్తదేం కాదు. ఇప్పటి డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ దాకా వెళ్లే డీజిల్ ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది. మన కారు టైర్లో గాలి 2 బార్ పైచిలుకు, పోల్చుకోండి. పంపులో, ఇంజెక్టర్లో భాగాల మధ్య సందు రెండు నుంచి అయిదు మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి సందులో నీళ్లు పడితే తుప్పు పడుతుంది, డీజిల్ ఇచ్చే జిడ్డు పోయి లోహం లోహాన్ని రాసుకుంటుంది. పంపు అరిగితే ఆ లోహపు పొడి పైపుల్లోంచి నాలుగు ఇంజెక్టర్లకూ చేరుతుంది. అప్పుడు ఒక్కటి మార్చి ఊరుకోవడం కుదరదు. లక్ష దాటే బిల్లులు ఇలాగే వస్తాయి. పైగా మనది సముద్రపు గాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడేసరికి తేమ నీళ్లుగా దిగుతుంది. వానాకాలంలో బండిని రిజర్వులో పెట్టి నడిపే అలవాటుంటే మానుకోండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

జబ్బు నిజమే, మందు ధర చూద్దాం. సెట్టు 24,000. మూడేళ్లలో మీరు 54,000 కిలోమీటర్లు తిరుగుతారు. ఏడాదికోసారి చొప్పున ఎలిమెంట్ రెండుసార్లు మార్చాలి, అది 5,200. కార్డు ఈఎంఐలో నెలకు దాదాపు 2,178, ఏడాదికి వడ్డీయే 2,131. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపితే అదనం 2,870 చేరుతుంది. మొత్తం 32,000 పైమాట. కంపెనీ ఫిల్టర్ ఎలాగూ మారుస్తూనే ఉండాలి, అది ఇందులో కలపలేదు.

మెకానిక్ చెప్పిన 1,20,000 పక్కన ఈ 32,000 పెట్టండి. ఈ ఖర్చు గిట్టుబాటు కావాలంటే మూడేళ్లలో మీ పంపు, ఇంజెక్టర్లు పోయే అవకాశం నూటికి 27కి మించి ఉండాలి. అదీ కంపెనీ ఫిల్టర్ టైముకి మార్చి, నీళ్లు వదిలిస్తున్నా ఆగని నష్టమై ఉండాలి, కొత్త సెట్టు మాత్రమే ఆపగలిగే నష్టమై ఉండాలి. మంచి బంకులో డీజిల్ కొట్టించి, గాజువాక నుంచి పరవాడ వెళ్లొచ్చే బండికి అంత ప్రమాదం ఉందని నేను అనుకోను. ఆ 1,20,000 బిల్లులో పెద్ద భాగాన్ని 1,900 ఫిల్టరే ఆపుతుంది. మిగిలిన చిన్న భాగం కోసం 32,000 అడుగుతున్నారు. ఇది ఖరీదైన ఇన్సూరెన్స్.

అన్నట్టు, అసలు ఇన్సూరెన్స్ గురించి. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. కాబట్టి ఇంజెక్టర్ పోతే క్లెయిమ్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కంపెనీ ఇవ్వని భాగాలు బిగిస్తే పాలసీ వాళ్లకు చెప్పాల్సి ఉంటుంది, అదొక పని. అమ్మేటప్పుడు కూడా ఈ సెట్టుకి పైసా ఎక్కువ రాదు. కొనేవాడు బానెట్ ఎత్తి, ‘ఇదెందుకు పెట్టించారు, బండికి ఏమైనా ప్రాబ్లమా?’ అని అడుగుతాడు.

మెకానిక్ ఇంకో మాట కూడా అని ఉంటాడు, ఈ మధ్య అందరూ అంటున్నారు: ఇథనాల్ కలపడం మొదలయ్యాక ఇంధనంలో నీళ్లు ఎక్కువయ్యాయని. ఆ 20 శాతం ఇథనాల్ కలుపుతున్నది పెట్రోల్‌లో. మీది డీజిల్ బండి.

సన్నటి ఫిల్టర్ అయితే ఎప్పుడూ మంచిదే అనుకోవడమూ పొరపాటు. ఎంత సన్నగా వడకడితే అంత త్వరగా పూడుకుంటుంది. ఇంజిన్‌కి కావాల్సిన ధార రాకపోతే పంపు డీజిల్ లేక కష్టపడుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోతుంది. మీ ఇంజిన్‌కి గంటకు ఎంత డీజిల్ ప్రవాహం కావాలో, ఆ సెట్టు ఎంత ఇస్తుందో మెకానిక్‌ని అడగండి. కాగితం మీద చూపించలేకపోతే నవ్వి వచ్చేయండి. గొడవ అక్కర్లేదు, మంచి మెకానిక్‌తో పని ఇంకా పడుతుంది.

నేనైతే ఏం చేస్తానంటే, ఈ ఆదివారమే కంపెనీ ఫిల్టర్ వేయిస్తాను, 1,900. అక్కడే స్కానర్ పెట్టి రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో ఒత్తిడి, చూపించమంటాను, ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ చేయమంటాను. ఈ టెస్టులో నాలుగు ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ని నాలుగు చిన్న సీసాల్లో పడతారు. ఒకదాంట్లో మిగతావాటి కంటే బాగా ఎక్కువ పడితే అది అరిగినట్టు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంజెక్టర్ ఇప్పటికే అరిగి ఉంటే బంగారు ఫిల్టర్ వేసినా పొద్దున స్టార్టింగ్ బాగుపడదు. మీరు 24,000 పెట్టాక మళ్లీ అదే మెకానిక్ ఇంజెక్టర్ బిల్లు చేతిలో పెడతాడు. మీ ఆవిడ ఖర్చే వద్దన్నారు, 24,000 విషయంలో ఆవిడ మాట వినండి. ఈ టెస్టుకి, ఫిల్టర్‌కి మాత్రం ఒప్పించండి. తర్వాత ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఇంకా ఎక్కువ దూరం ఒప్పుకున్నా, మన గాలికి నేను 20,000 దాటనివ్వను. మీ తిరుగుడికి అది సుమారు ఏడాదికోసారి పడుతుంది. వానాకాలం ముగిశాక ఒకసారి నీళ్లు వదిలించండి. ట్యాంకర్ దిగుతున్నప్పుడు డీజిల్ కొట్టించకండి, అడుగున ఉన్న మడ్డి పైకి లేస్తుంది. అనుమానం వస్తే డెన్సిటీ చూపించమని బంకులో అడిగే హక్కు మీకుంది. బిల్లు తీసుకోండి.

ఇక మీరు అడిగిన కార్డా, సేవింగ్సా. రెండూ వద్దు. మీ 1,60,000 మూడున్నర నెలల ఇంటి ఖర్చు, ఉద్యోగం పోతేనో ఆస్పత్రి పడితేనో వాడాల్సినది. తొమ్మిదేళ్లు దాటిన డీజిల్ కారు రిపేరుకు రావడం హఠాత్తుగా జరిగేది కాదు, వస్తుందని తెలిసిందే. తెలిసిన ఖర్చుకి వేరే డబ్బా ఉండాలి.

కిలోమీటరుకి రెండు రూపాయలు పక్కన పెట్టండి. 1,500 కిలోమీటర్లకు నెలకు 3,000. జీతం పడిన మర్నాడు దానంతటదే వేరే సేవింగ్స్ అకౌంట్‌కి వెళ్లేలా పెట్టుకోండి. దానికి యూపీఐ లింక్ చేయకండి, లేకపోతే బీచ్ రోడ్డులో ఒక్క సాయంత్రానికి కరిగిపోతుంది. ఆర్‌డీ కూడా పెట్టొచ్చు గానీ మధ్యలో రిపేరు వస్తే పెనాల్టీ కట్టి తీయాలి. అందుకే ముందు అకౌంట్‌లో 30,000 దాకా పోగుచేసి, ఆపైన చిన్న చిన్న ఎఫ్‌డీలు వేసుకోండి. మూడేళ్లకు 1,08,000, వడ్డీ వేరే. ఇందులోంచే మూడు ఫిల్టర్లకు 5,700, టైర్లు, బ్యాటరీ పోతాయి. అదృష్టం బాగుండి పెద్ద రిపేరు రాకపోతే మిగిలింది కొత్త బండి డౌన్ పేమెంట్‌కి వస్తుంది. ఒకవేళ రెండో ఏడాది ఇంజెక్టరే పోయిందనుకోండి, అప్పుడు చేతిలో సగం డబ్బు ఉంటుంది. ఆ పరిస్థితిలో మిగతా సగం సేవింగ్స్‌లోంచి తీసినా నేను అభ్యంతరం చెప్పను. 24,000 సెట్టు పెట్టాక కూడా ఇంజెక్టర్ పోతే మాత్రం సెట్టు ఉంటుంది, డబ్బు ఉండదు.

లెక్క ప్రకారం మీకు నెలకు 17,000 మిగలాలి. అంత మిగులుతోందా అన్నది మీకే తెలియాలి. మిగిలితే అందులో 3,000 కారుకి, 10,000 బంగారం లోన్‌కి. పది నెలల లోపే లోన్ తీరి నగలు ఇంటికొస్తాయి. ఫిల్టర్ సెట్టుకి పెడదామనుకున్న 24,000 ఆ లోన్‌లో కట్టినట్టయితే ఏడాదికి 2,520 వడ్డీ మిగులుతుంది. ఇది ఖాయంగా మిగిలే డబ్బు, దీనికి ఏ మెకానిక్ గ్యారంటీ అవసరం లేదు.

నా జవాబు మారే సందర్భం ఒకటుంది. మీరు ట్రావెల్స్ నడుపుతూ నెలకు నాలుగైదు వేల కిలోమీటర్లు అరకు, పాడేరు తిరుగుతూ, దారిలో దొరికిన చోట క్యాన్లలో డీజిల్ పోయించుకునేవారైతే, బండి ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారైతే, ప్రవాహం సరిపోయే సెట్టు దొరికితే వేయించమనేవాణ్ణి. అప్పుడు కూడా కార్డు మీద కాదు.

ఆదివారం వెళ్లేటప్పుడు ఖాళీ నీళ్ల సీసా ఒకటి పట్టుకెళ్లండి. పాత ఫిల్టర్‌లోది అందులో పట్టించి, పది నిమిషాలు కదపకుండా ఎండలో పెట్టి చూడండి. అడుగున ఎన్ని నీళ్లు దిగాయో, రిటర్న్ టెస్ట్‌లో ఏ సీసాలో ఎంత పడిందో రాయండి. ఒక ఇంజెక్టర్ అయినా బలహీనంగా తేలితే నెలకు 3,000 సరిపోదు, లెక్క మళ్లీ వేద్దాం.