ఈత భయం, లక్ష సైకిల్, బిగుతు బట్టలు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, గాజువాకలో టీచర్ని. కొన్నేళ్లుగా పరిగెడుతున్నాను. 10 కిలోమీటర్లు పెద్దగా ఆయాసం లేకుండా పూర్తిచేస్తాను. మా రన్నింగ్ గ్రూపువాళ్లు స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి పేర్లిస్తూ నన్నూ రమ్మంటున్నారు. అంటే ఒకదాని వెంటే ఒకటిగా 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. చిన్నప్పుడు చెరువులో నేర్చిన ఈతే నాది, తల పైకెత్తి కొడతాను. మా అబ్బాయి గేర్ల సైకిల్ ఉంది. లక్ష పెట్టి రోడ్ బైక్ (రేసు సైకిల్) కొనాలా మేడమ్? ట్రయాథ్లాన్‌కి వేసుకునే ఆ బిగుతు సూట్‌లో నలుగురిలో తిరగాలన్నా మొహమాటమే.

జవాబు: పేరు ఇవ్వండి, కాకపోతే కనీసం మూడు, నాలుగు నెలల తర్వాత జరిగే రేసుకి.

లక్ష మాట మర్చిపోండి. అబ్బాయి సైకిల్‌కి బ్రేకులు, చైను చూపించి, సీటు ఎత్తు సరిచేయించండి. పెడల్ అడుక్కి దిగినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటే చాలు. ఆ లక్షలో చిన్న ముక్క తీసి ఈత కోచ్ చేతిలో పెట్టండి, మీకు అసలు పని అక్కడే ఉంది.

తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి. ఇక ఒళ్లంతా నీళ్లకి అడ్డమే. మొహం నీళ్లలో పెట్టి, గాలి బుడగలుగా వదులుతూ, పక్కకు తిరిగి పీల్చుకోవడం ముందు రావాలి. వేగం సంగతి తర్వాత. 25 మీటర్ల పూల్‌లో ఒక చివర నుంచి రెండో చివరికి వెళ్తే ఒకటి, అలా 30 సార్లు ఆగకుండా కొట్టగలిగితే దూరం వచ్చేసినట్టే. కానీ రేసు చెరువులోనో సముద్రంలోనో అయితే పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగు కనబడదు, పక్కవాళ్ల చేతులు మొహానికి తగులుతాయి. గుండె దడ మొదలయ్యేది అక్కడే. గుంపు వెళ్లేదాకా ఆగి, వెనకాల ఒక పక్కనుంచి బయల్దేరండి. మన రన్నర్లకి ముందువాళ్లని వదలబుద్ధి కాదు, ఆ జబ్బు ఒడ్డునే వదిలేయండి! ఊపిరి అందకపోతే వెల్లకిలా తేలండి. సేఫ్టీ పడవని పట్టుకుని సేద తీరొచ్చు, దాని సాయంతో ముందుకు మాత్రం కదలకూడదు. ఓపెన్ వాటర్ ప్రాక్టీసు అంటూ ఆర్‌కే బీచ్‌లో ఒంటరిగా దిగకండి. అక్కడి ప్రవాహాలు ఈతొచ్చినవాళ్లనీ లోపలికి లాగేస్తాయి. కోచ్, పడవ ఉన్న చోటే దిగాలి.

పరుగు మీకు వచ్చిందేగా అని ధీమా వద్దు. సైకిల్ దిగగానే తొడలు మొద్దుబారి, కాళ్లు మీవి కానట్టుంటాయి. అందుకే వారానికోసారి గంట సైకిల్ తొక్కి, దిగీ దిగగానే పదిహేను నిమిషాలు పరిగెత్తండి. రేసులో మొదటి కిలోమీటరు కావాలనే నెమ్మదిగా వెళ్లండి. వైజాగ్ ఉక్కలో చెమట ధారలు కడుతుంది కాబట్టి సైకిల్ మీద ఉండగానే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగాలి. పరుగులో తాగితే కడుపులో గడబిడే.

ఇక బట్టలు. నా సూట్ చూసి మా అమ్మ ‘దీని మీదకి చున్నీ ఏదే?’ అంది. మోకాళ్ల దాకా వచ్చే స్విమ్ సూట్ వేసుకుని, నీళ్లలోంచి రాగానే పైన టీ షర్టు తొడుక్కోండి. బట్టలు పూర్తిగా మార్చుకోవడానికి మామూలుగా గది ఉండదు, కాబట్టి లోపలివి మూడింటికీ పనికొచ్చేలా ఎంచుకోండి. తడి బట్ట ఒరుసుకునే చోట్ల ముందే వాజిలిన్ రాయాలి. కొత్త జత అయితే రేసు కంటే ముందే ఒకసారి తడిపి, అదే తడితో సైకిల్ తొక్కి చూడండి.

హెల్మెట్ బకిల్ పెట్టాకే స్టాండులోంచి సైకిల్ తీయాలి, మళ్లీ స్టాండులో పెట్టాకే బకిల్ తీయాలి. హడావిడిలో ఇది తప్పితే పెనాల్టీ పడుతుంది, ఇంట్లో వరండాలోనే నాలుగైదు సార్లు చేసి చూసుకోండి.