‘బుక్’ అంటే కితాబా?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర మాది ఇరవై గదుల లాడ్జి. మా వెబ్‌సైటును మా అల్లుడు తమిళం, కన్నడం, హిందీల్లోకి కూడా మార్చాడు. అయినా ఆ భాషల వాళ్లు సైటు వదిలేసి ఫోన్లే చేస్తున్నారు. తప్పెక్కడుంది?
– ఒక లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: మీ సైటు తెరిచి చూశాను. హిందీ పేజీలో ‘బుక్’ బటన్ మీద ‘కితాబ్’ అని ఉంది! గది కోసం వచ్చినాయన పుస్తకం కొంటాడా అండీ? మొదటి పేజీకి తీసుకెళ్లే ‘హోం’ కాస్తా ‘ఘర్’, అంటే ఇల్లు అయింది. మెనూలో మాట ఒంటరిగా ఉంటుంది, వెనకా ముందూ వాక్యం ఉండదు. మెషీన్ అనువాదం బోల్తా పడేది అక్కడే.

‘రేపటి గదులు’ దగ్గర ‘కల్’ అని పెట్టారు. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. మాట్లాడేటప్పుడు క్రియను బట్టి తెలుస్తుంది, బటన్ మీద క్రియ ఏదీ? తేదీ వేయండి. అదీ 8/10 అనొద్దు, అమెరికా అలవాటున్నవాళ్లు ఆగస్టు 10 అనుకుంటారు. ‘8 అక్టోబరు’ అనండి.

భాష ఎంచుకునే పట్టీ పేజీ అడుగున, అదీ తెలుగు లిపిలో ఉంది. తెలుగు రానివాళ్ల కోసమే కదా అది! తమిళం పేరు తమిళ లిపిలో, హిందీ పేరు దేవనాగరిలో రాసి పైన పెట్టించండి. జెండా బొమ్మలు వద్దు, మీ నాలుగు భాషలకూ జెండా ఒక్కటే.

తెలుగు పేజీలోనూ ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు చేసిన పట్టీలో ‘అద్దె’ వత్తు తెగిపోయి ‘అదె’ అయి కూర్చుంది.

ఇవన్నీ సరిచేసినా ఫోన్లు ఆగవేమో. మా మేనమామ లాడ్జి కౌంటర్లో తమిళుల పురట్టాసి నెలలో ఒక శనివారం కూర్చున్నాను. తమిళ కుటుంబాలు అద్దె కన్నా ముందు అడిగింది, స్నానాలు చేసి బయల్దేరడానికి రెండు గంటల పాటు గది ఇస్తారా అని. నాసిక్ పెద్దాయన ఒకాయనకు దర్శనం టికెట్ మేమే ఇస్తామో లేదో తెలియాలి. మీ సైటులో ఈ రెండు జవాబులూ ‘మా గురించి’లో ఎక్కడో కింద ఉన్నాయి. తమిళ పేజీలో గంటల లెక్క గదులను మొదటి బటన్ చేయండి. హిందీ పేజీలో, దర్శనం టికెట్లు టీటీడీవే, మా దగ్గర దొరకవని పైనే రాయండి. అన్ని భాషలకూ ఒకటే వరస ఉండాలని రూలేం లేదు.

కన్నడం వాళ్లు ముందేం అడుగుతారో నాకన్నా మీ కౌంటర్ అబ్బాయికే బాగా తెలుసు. రెండు శనివారాలు అల్లుణ్ణి అతని పక్కన కూర్చోబెట్టండి. అల్లుడు కదా అని మొహమాటమైతే నా పేరు చెప్పండి.