సెలవులో ఎలా ఉన్నారు?

ప్రశ్న: నా వయసు 41. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం. ఏడాదిన్నర క్రితం ప్రమోషన్ మీద ఈ ఊరి బ్రాంచికి మేనేజరుగా వచ్చాను. కుటుంబం విజయవాడలోనే ఉంది, రోజూ వెళ్లి వస్తాను. బంగారు రుణాలు, బీమా పాలసీలు, కొత్త ఖాతాలు, అన్నింటికీ టార్గెట్లే. సాయంత్రం ఆరింటికి వీడియో మీటింగు. వెనకబడ్డ బ్రాంచీల పేర్లు ఎర్ర రంగులో వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది. పొద్దున బ్రాంచి ముందు బండి ఆపి పది నిమిషాలు దిగలేను. కారేజీ విప్పేసరికి నాలుగవుతుంది, తినబుద్ధి కాక పారబోస్తున్నాను. అందరూ చేస్తున్న ఉద్యోగమే, నాకే చేతకావడం లేదా? ప్రమోషన్ వదులుకుందామనుకుంటున్నాను. రాత్రి పడుకున్నాక మళ్లీ లేవకపోతే బాగుండుననిపిస్తుంది. అది పెద్ద విషయం కాదు లెండి.
– పేరు వద్దన్న పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: ‘పెద్ద విషయం కాదు లెండి’ అన్నారే, అక్కడే మొదలుపెడతాను. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్నదాన్ని. అసలు మాట చాలామంది లేచి తలుపు దాకా వెళ్లాకే చెబుతారు. మీరు ఉత్తరం చివర రాశారు. చనిపోవాలన్న ఆలోచన, ఎలాగన్న ఊహ ఎప్పుడైనా వచ్చాయా? వస్తే పత్రికలో జవాబు కోసం ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ అది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ ప్రశ్న. అందరూ చేస్తున్నారన్నారు. ఆ అందరిలో కొందరు నా ఓపీకి వచ్చినవాళ్లే.

రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి మీకు తెలియనిది కాదు. కీలకమైన పనుల్లో ఉన్నవారిని ఏటా ముందుగా చెప్పకుండా, ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు సెలవులో పంపాలి. మోసాలు బయటపడడానికి పెట్టిన నిబంధన అది, మీ ఆరోగ్యం కోసం కాదు. నాకు మాత్రం మంచి పరీక్షలా పనికొస్తుంది. చివరిసారి అలాంటి సెలవులో ఎలా ఉన్నారు? ఐదో రోజుకో ఆరో రోజుకో ఆకలి తిరిగొచ్చి, పిల్లల మాటలకు నవ్వొచ్చిందా? అయితే మిమ్మల్ని అరగదీస్తున్నది ఉద్యోగమే. దీన్నే బర్నవుట్ అంటున్నారు. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేదనిపించడం దాని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జాబితాలో జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది.

అలా కాకుండా పది రోజులూ ఏ రుచీ లేకుండా, గోడ వైపు తిరిగి పడుకున్నారా? అది డిప్రెషన్ కావచ్చు. బదిలీ అయినా, ప్రమోషన్ వదులుకున్నా మీ వెంటే వస్తుంది. మీ ఉత్తరం చూస్తే నా అనుమానం దీని మీదే ఎక్కువ. అందుకే ఉద్యోగం గురించి ఏ కాగితం మీదా ఇప్పుడు సంతకం పెట్టకండి. ఈ స్థితిలో తీసుకున్న నిర్ణయాలకు తర్వాత బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణి కలవండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి, నీరసానికి అవీ కారణం కావచ్చు. మందులు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే మానేయకండి. ఆఫీసులో తెలిసిపోతుందా అని ఉద్యోగులు మొదట అడుగుతారు. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ఇంకొకటి. కారేజీ పారబోయకండి. తినలేకపోతే అలాగే ఇంటికి తీసుకెళ్లండి. మూత తీసి చూసిన మీ ఆవిడ ఎందుకు తినలేదని అడుగుతారు కదా, నాకు రాసిన ఆ చివరి మాట అప్పుడు ఆమెకు చెప్పండి.